పాట వినిపిస్తుంది, మాట వినిపించదు

కంప్యూటరు ముట్టని కుర్రవాణ్ణి చూపించమంటే మా సంజీవరెడ్డి నగరులో కష్టం. నీలం సంజీవరెడ్డిగారి పేరు పెట్టుకున్న ఈ కాలనీని ఇప్పుడు అందరూ ఎస్.ఆర్. నగర్ అనే అంటారు. పక్కనే అమీర్‌పేట. అక్కడ మైత్రీవనం చుట్టుపట్ల కంప్యూటరు చదువులు చెప్పే బోర్డులు మేడల గోడల్ని కనపడనివ్వవు. ఆ చదువులకోసం వచ్చిన కుర్రకారులో చాలామంది కాపురం మా వీధుల హాస్టళ్ళలోనే. అయినా, ఇన్ని కంప్యూటర్ల నడుమ, ఇంట్లో ఉన్న కంప్యూటరుకూ దాని పక్కనే ఉన్న రిసీవరుకూ పొత్తు కుదరక తల పట్టుకున్న గృహస్థులు మా చుట్టుపక్కల తక్కువేమీ లేరు.

రిసీవరు అంటే రేడియో కాదు. టెలివిజన్ కింద అరలో ఉండే బరువైన నల్లపెట్టె. కంప్యూటరు పంపిన సరుకును అందుకుని, బొమ్మను టెలివిజన్‌కూ, ధ్వనిని గదిలోని స్పీకర్లకూ పంచిపెట్టటం దాని ఉద్యోగం. స్పీకర్లు ఆరు. ముందు ఎడమ, ముందు కుడి, నడుమ ఒకటి, వెనుక రెండు, ఇవి అయిదు. గుండె అదిరే మంద్ర ధ్వనులకు వేరే ఒకటి. అందుకే దీనిని 5.1 అంటారు. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. మన కథంతా ఆ నడిమి స్పీకరుమీద ఉన్నది.

చెవులదా, పెట్టెదా?

మా ఎదురింటి మాస్టారు బడి విడిచి పద్దెనిమిదేళ్ళయింది. విదేశంలో ఉన్న కొడుకు సెలవుల్లో వచ్చి రిసీవరూ స్పీకర్లూ అమర్చి వెళ్ళాడు. కొన్నాళ్ళు అంతా సలక్షణంగా నడిచింది. తరవాత టెలివిజన్ మార్చి 4కె రకం తెచ్చుకున్నారు. ఆనాటినుంచి తెర నల్లబడి కూర్చున్నది. ఎవరో వచ్చి తీగలు అటూ ఇటూ మార్చి బొమ్మ తెప్పించి పోయారు. బొమ్మ వచ్చింది. పాటా వచ్చింది. మనుషులు మాట్లాడేది మాత్రం బావిలోంచి వచ్చినట్టు వస్తున్నది.

మరమ్మతుకు వచ్చిన ఇంకొక ఆసామీ రిసీవరు మీద చెయ్యి వేసి, "బోర్డు పోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అని తేల్చేశాడు. వేలమీద మాట. అయితే మాస్టారి బెంగ డబ్బుగురించి కాదు.

"పెట్టెది కాదు బాబూ తప్పు. డెబ్బైయారేళ్ళ చెవులు ఇవి. రేపో మాపో మీ పిన్నిగారి మాట కూడా వినపడదు" అన్నారు.

"ఇన్నాళ్ళూ విన్నట్టు!" అని లోపలినుంచి పిన్నిగారు.

నవ్వులాటకు అన్నా, సాయంత్రంపూట హాల్లో అందరితో కూర్చోవటమే ఆయన మానేశారు. అందరూ నవ్విన చోట తను నవ్వలేకపోవటం ఆయనకు చిన్నతనంగా ఉన్నది.

నేను ఒక్క ప్రశ్న వేశాను. "పాత సినిమాల్లో మాటలు వినిపిస్తున్నాయా మాస్టారూ?"

"భేషుగ్గా! ఆ రోజుల్లో నోరు విప్పి మాట్లాడేవారు. ఇప్పటివాళ్ళకు ఉచ్చారణ ఏదీ?"

ఆ జవాబుతో సగం రోగం తెలిసిపోయింది. ముసలితనం చెవికి వస్తే పాత సినిమాను వదిలి కొత్త సినిమాను మాత్రమే పట్టుకోదు గదా!

మాట ఏ దారిన పోయింది?

పాత సినిమాలో చాలావరకు ధ్వని ఒక్కటే పాయ. దానినే కుడికీ ఎడమకీ సమంగా ఇస్తారు, కనుక ఏ స్పీకరు మోగినా మాట దక్కుతుంది. 5.1 పద్ధతి అట్లా కాదు. పాత్రలు మాట్లాడే మాటలు ముఖ్యంగా నడిమి పాయలో ఉంటాయి. వాద్యాలూ, వానా, జనం కేకలూ ఎక్కువగా కుడి ఎడమలకు, వెనుకకు పంచుతారు. నడిమి పాయ తెగిపోతే పాట మిగులుతుంది, మాట పోతుంది.

ఎక్కడ తెగింది? ఈ రకం చిక్కుల్లో తోచిన తీగనల్లా పీకి పెట్టటం కంటె, గొలుసులో ఒక్కొక్క లంకెనూ విడిగా అడగటం మేలు.

మొదట రిసీవరును అడిగాము. చాలా రిసీవర్లలో పరీక్ష ధ్వని ఒకటి ఉంటుంది. ఆ మీట నొక్కితే కంప్యూటరు సంబంధం లేకుండానే ఒక్కొక్క స్పీకరూ వరసగా 'సుయ్'మంటుంది. నడిమి స్పీకరు వంతు రాగానే గట్టిగా సుయ్‌మన్నది. అంటే స్పీకరు పోలేదు, దాని తీగ పోలేదు, దానికి బలమిచ్చే బోర్డూ పోలేదు. వేల రూపాయల తీర్పు అక్కడే కొట్టుపడింది.

రెండవది, రిసీవరు ముఖాన వెలిగే అక్షరాలు. తనకు ఏ సరుకు అందుతున్నదో అది చెబుతుంది. 5.1 సినిమా నడుస్తుండగా మాస్టారి రిసీవరు 'స్టీరియో' అంటున్నది. ఆరు పాయలు బయలుదేరి రెండే చేరుతున్నాయన్నమాట.

మూడవది కంప్యూటరు వీపు. అక్కడ ధ్వనికి రంగు రంగుల రంధ్రాలుంటాయి. సాధారణంగా ఆకుపచ్చది ముందు కుడి ఎడమలకు, నారింజది నడిమి స్పీకరుకూ మంద్ర స్పీకరుకూ, నల్లది వెనుకవాటికి. మాస్టారి ఇంట ఆకుపచ్చదానికే తీగ ఉన్నది. తీగలు మార్చినవారు బొమ్మను నేరుగా టెలివిజన్‌కు కలిపి, ధ్వనికి ఈ ఒక్క తీగ వేశారు. గదిలో ఆరు స్పీకర్లున్నాయి గదా అని కంప్యూటరులో '5.1' అని ఎంచి పెట్టారు. కంప్యూటరు పాపం, చెప్పినట్టే చేసింది. మాటలన్నిటినీ నారింజ రంధ్రానికి పంపింది. అక్కడ అందుకునే నాథుడు లేడు.

ధ్వని అమరికలో '5.1' తీసి 'స్టీరియో' అని పెట్టగానే కంప్యూటరు నడిమి పాయను కుడి ఎడమలలో కలిపేసింది. మాట వచ్చింది. మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

'గుయ్' మనే రొద

మాటతోపాటు సన్నగా ఒక గుయ్‌మనే రొద మిగిలింది. ఇదీ చాలా ఇళ్ళలో ఉన్నదే. మన కరెంటు సెకండుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కంప్యూటరుకు ఎర్తు గోడ ప్లగ్గునుంచి దొరుకుతుంది. రిసీవరుకు టెలివిజన్ కేబులు ద్వారా వేరొక చోటినుంచి దొరకవచ్చు. రెండు ఎర్తులకూ కొంచెం తేడా ఉంటే ధ్వని తీగ పైతొడుగు వెంట కరెంటు పారుతుంది, అదే ఈ రొద. అన్నిటినీ ఒకే ప్లగ్గు పలకమీదికి తెస్తే తరచు తగ్గుతుంది. కేబులు టీవీ తీగ ఊడదీస్తే రొద ఆగిందా, దారి అదేనని తెలుస్తుంది. కొందరు మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలు విరిచి రొద మాన్పుతారు. అది ప్రాణాలతో చెలగాటం, ఎన్నడూ చెయ్యకండి.

పెళ్ళిళ్ళ పేరయ్య

రెండు పాయలతో సరిపెట్టుకుంటే ఆరు స్పీకర్లు కొన్నది దేనికి? కనుక అసలు దారికి వచ్చాము. అది హెచ్.డి.ఎమ్.ఐ. తీగ. 2002 డిసెంబరులో వెలువడిన ఈ ఏర్పాటులో 19 పిన్నులు. బొమ్మ, ఎనిమిది పాయల దాకా ధ్వని, రెండూ ఒకే తీగలో పోతాయి. ధ్వని పోయేది బొమ్మ వరసల నడుమ ఉండే ఖాళీలలో. అందుచేతనే బొమ్మ పంపటం మానితే ధ్వనీ ఆగిపోతుంది.

తీగ తగిలించగానే సరుకు పారదు. ముందు సంప్రదింపులు జరగాలి. కంప్యూటరు, "తమరెవరు? ఏమేమి పుచ్చుకోగలరు?" అని అడుగుతుంది. అవతలివారు తమ జాతకం పంపాలి. దానిని ఇ.డి.ఐ.డి. అంటారు. మొదటి పుట 128 బైట్లు, ఆపైన అనుబంధం. నడుమ ఉన్న రిసీవరు మన పెళ్ళిళ్ళ పేరయ్యవంటిది. టెలివిజన్ జాతకంలో బొమ్మ సంగతులు తీసుకుని, ధ్వని సంగతులు తనవి చేర్చి, రెండూ కలిపి చెబుతుంది. టెలివిజన్ నిద్రపోతుండగా అడిగితే పేరయ్య సగం సగం చెప్పవచ్చు. అందుకని ముందు టెలివిజన్, తరవాత రిసీవరు, ఆఖరున కంప్యూటరు వెలిగించి చూడటం మంచిది. కాపీహక్కు ఉన్న సినిమాలకు హెచ్.డి.సి.పి. అనే తాళం కూడా ఉంటుంది. ఆ తాళానికి వరసలో ఏ పెట్టె ఒప్పుకోకపోయినా సినిమా ఆడదు.

మాస్టారి ఇంట వరస పాటించినా తెర నల్లగానే ఉన్నది. బొమ్మ పరిమాణాన్ని 4కె నుంచి 1080కి తగ్గించాము. తటాలున వచ్చింది! తీగది చిక్కు. సెకండుకు 60 బొమ్మల 4కె పంపాలంటే 18 గిగాబిట్ల వేగం మోయాలి. అది 2013 నాటి హెచ్.డి.ఎమ్.ఐ. 2.0 ఏర్పాటు. గోడ వెంట పాకించిన పాత పొడుగు తీగకు అంత ఓపిక లేదు. ఆ వేగానికి పరీక్షించిన పొట్టి తీగ వేశాము. 4కె బొమ్మ నిలిచింది.

మిగిలింది కంప్యూటరు ధ్వని జాబితాలో పాత స్పీకరు పేరు విడిచి రిసీవరు పేరు ఎంచటం, అక్కడ '5.1' అనటం. ఈసారి రిసీవరు ముఖాన ఆరు పాయలూ వెలిగాయి. ఆపైన నడిమి స్పీకరును మూడు డెసిబెల్లు హెచ్చించాము. పెద్దవాళ్ళున్న ప్రతి ఇంటా చెయ్యదగిన పని ఇది.

అంతమాత్రాన చెవి వైద్యుణ్ణి మానవద్దని మాస్టారికి చెప్పాను. వయసుతో ముందుగా అందకుండా పోయేవి హెచ్చు శ్రుతి ధ్వనులు. 'స', 'శ' వంటి అక్షరాలు అప్పుడు జారిపోతాయి. ఎదుటి మనిషి మాటా, పాత సినిమా మాటా కూడా అస్పష్టంగా ఉంటే వైద్యుడే దిక్కు. ఎదుటి మనిషి మాట బాగుండి, కొత్త సినిమా మాటే పోతుంటే ముందు తీగలు చూడండి.

రిసీవరు దూరంగా ఉండి, రొద వదలకపోతే, కాంతి మీద నడిచే ఆప్టికల్ తీగ ఒకటున్నది. దానిలో కరెంటు పారదు కనుక ఆ దారిన రొద రాదు. అయితే 5.1 ధ్వనిని డాల్బీ డిజిటల్, డి.టి.ఎస్. వంటి కుదించిన రూపంలోనే అది మోయగలదు. కుదించకపోతే రెండే పాయలు.

ఇవన్నీ చూసినా మాట రాకపోతే అప్పుడు మరమ్మతు మనిషిని పిలవండి. వచ్చినతనికి ఏది పనిచేయటం లేదో చెప్పి ఊరుకోకండి. ఏది పనిచేస్తున్నదో కూడా చెప్పండి. పరీక్ష ధ్వనికి నడిమి స్పీకరు మోగిందని ముందే చెప్పినవారి ఇంట బోర్డు పోయిందనటం అంత తేలిక కాదు.