రివర్ సాంగ్ ఎవరు?

బీబీసీ టైమ్ ట్రావెల్ సిరీస్ ‘డాక్టర్ హూ’ చూశారా? 2008లో అందులోకి రివర్ సాంగ్ వచ్చింది. ఆమె ఎవరో డాక్టర్‌కి తెలీదు. ఆమెకేమో అతని అసలు పేరూ తెలుసు! పైగా ఆ కథ చివర్లోనే చనిపోతుంది. ఇక అభిమానుల ఊహలే ఊహలు: భార్యా? తల్లా? రేపటి డాక్టరేనా? అసలు పేరు ఎలా తెలిసిందో చెప్పలేని ఊహ నిలవదు. ఇంటర్వ్యూలో ఆగిపోయిన కోడ్ ముందు పెట్టినా ఇంతే. మీ ఊహతోపాటు, ఏం దొరికితే అది వీగిపోతుందో కూడా చెప్పండి. 2010లో ఎమీ పాండ్ వచ్చింది. పాండ్ అంటే చెరువు, రివర్ అంటే నది. క్లూ కళ్లముందే ఉంది! రివర్ ఎమీ కూతురేనని, అసలు పేరు మెలొడీ పాండ్ అని 2011లో తేలింది. చెరువుకి మాటే లేని భాషలో ఆ పేరు అలా మారిందట. భార్య అన్నవాళ్లూ ఓడలేదు లెండి, అదే ఏడాది పెళ్లీ అయింది.