వర్డ్‌స్లీ గాజు మేస్త్రీలు

ఇంగ్లండ్‌లోని స్టౌర్‌బ్రిడ్జ్ దగ్గర వర్డ్‌స్లీలో దాదాపు 100 అడుగుల ఎత్తున్న ఇటుక కట్టడం ఒకటుంది. పేరు రెడ్ హౌస్ కోన్. కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడే ఈ కట్టడమే పొగగొట్టం, ఇదే పనిశాల. నడిమధ్య కొలిమి, దాని చుట్టూ మనుషులు. 18వ శతాబ్దం చివర్లో కట్టిన దీనిలో 1936 దాకా గాజు చేశారు.

గాజు ఊదడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. దానికో జట్టు ఉండేది. పెద్దమేస్త్రి కూర్చునే చెక్క బల్లను బట్టి ఆ జట్టునే 'చెయిర్' అనేవారు. పెద్దమేస్త్రి గ్యాఫర్. అతని చేతికింద సర్విటర్, ఫుట్‌మేకర్ ఉండేవారు. తయారైన వస్తువును మెల్లగా చల్లార్చే పొయ్యికి చేరవేసే కుర్రాడు టేకర్-ఇన్. ఆరు గంటలు పని, ఆరు గంటలు విరామం, మళ్లీ ఆరు గంటలు పని.

పనిముట్లు కొద్దే. పొడవాటి ఇనుప గొట్టం కొసకు కరిగిన గాజు చుట్టుకుంటారు. అది ముదురు పాకంలా ఉంటుంది, తిప్పడం ఆపితే ఒక పక్కకు జారిపోతుంది. నున్నటి ఇనుప పలక మీద దొర్లించి, ఊది, తడిపిన చెక్క అచ్చులో గుండ్రం చేస్తారు. బల్లకున్న రెండు చేతుల మీద గొట్టాన్ని దొర్లిస్తూనే మేస్త్రి పెద్ద పటకారుతో మెడ నొక్కుతాడు, కత్తెరతో అంచు కోస్తాడు. చల్లబడితే మళ్లీ మంటలో పెట్టాలి. కొలతంతా కంటిలోనే.

ఈ నేర్పుకు గట్టి పరీక్ష 1870లలో వచ్చింది. బ్రిటిష్ మ్యూజియంలోని రోమన్ పాత్ర పోర్ట్‌లాండ్ వాజ్‌కు గాజులోనే నకలు చేయించాలని రెడ్ హౌస్ యజమాని ఫిలిప్ పార్జిటర్ సంకల్పించాడు. ముదురు నీలం గాజు మీద తెల్ల గాజు పొర ఎక్కించాలి. రెండూ చల్లారేటప్పుడు ఒకే లెక్కన కుంచించుకోకపోతే పగులు తప్పదు. ఆ పాత్రను ఊదినవాడు డానియెల్ హాన్‌కాక్స్. తర్వాత జాన్ నార్త్‌వుడ్ తెల్ల పొరను చెక్కి బొమ్మలు తీశాడు. పని నడుమ పాత్ర పగిలినా అతికించి, సుమారు మూడేళ్లకు, 1876లో ముగించాడు. కీర్తి ఎక్కువగా నార్త్‌వుడ్‌కే దక్కింది. కానీ చెక్కడానికి ఆ రెండు పొరలను పొందికగా కలిపి ఇచ్చింది హాన్‌కాక్స్ ఊపిరే. ఆ పాత్ర ఇప్పుడు అమెరికాలోని కార్నింగ్ గాజు మ్యూజియంలో ఉంది.