పుట్ట కట్టింది ఎవరు? సంఘజీవి కీటకాలు: అపోహలు – వాస్తవాలు

ఒకే గూడు, అందులో వేలు, లక్షల ప్రాణాలు. గుడ్లు పెట్టేవి మాత్రం సాధారణంగా ఒకటో రెండో. మిగిలినవన్నీ పిల్లల్ని ఉమ్మడిగా సాకుతూ, మేత తెస్తూ, కాపలా కాస్తూ బతికేస్తాయి. ఇలాంటి పురుగులను సంఘజీవి కీటకాలంటారు. చీమలు, చెదలు దాదాపుగా అన్నీ ఈ కోవలోవే. తేనెటీగల్లో, కందిరీగల్లో కొన్ని జాతులే ఇలా బతుకుతాయి. ఉష్ణమండల అడవుల్లో వీటిదే పైచేయి. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గరి అమెజాన్ అడవి మీద 1973లో వెలువడిన లెక్క ప్రకారం అక్కడి జంతువుల మొత్తం బరువులో దాదాపు మూడో వంతు చీమలది, చెదలదే.

తెలంగాణలో అంత తడి అడవులు లేవు. నల్లమల నుంచి కవ్వాల్ దాకా ఉన్నవి ఎండాకాలంలో ఆకు రాల్చే అడవులు. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు రాతిగుట్టలు, తుప్ప అడవి ఉండేవి. నగరం వాటిని మింగగా మిగిలిన తునకల్లో ఒకటి అంబర్‌పేట్‌కూ తార్నాకకూ మధ్య ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. వేపలు, కానుగలు, బండల సందుల్లో గడ్డి, వాటి నడుమ ఎర్రమట్టి పుట్టలు. ఇలాంటి పుట్టలకు ఊళ్ళల్లో పసుపు కుంకుమలు పెడతారు, పాలు పోస్తారు. ఈ పురుగుల మీద ఉన్న అపోహలు చాలావరకు ఆ పుట్ట దగ్గరే మొదలవుతాయి.

అపోహ: పుట్టలు చీమలు కడతాయి, పాములు వచ్చి చేరతాయి.

అందరి నోళ్ళలో నానే సామెత కూడా ఈ మాటే చెప్తుంది. కానీ కష్టం చీమలది కాదు. చీమల గూటి నోటి దగ్గర వదులుగా రాలిన మట్టి రవ్వలు చిన్న కుప్పగా ఉంటాయి, గట్టి వాన పడితే కొట్టుకుపోతాయి. మనిషి నడుము ఎత్తున లేచి, గోడలు మడతలు తేరి, ఏళ్ళ తరబడి వానలకు నిలిచే పుట్ట చెదలది. దక్కన్‌లో ఇలాంటి పుట్టలు ఎక్కువగా కట్టేది ఒడాంటోటెర్మిస్ ఒబేసస్ అనే జాతి.

చెదలను తెల్లచీమలు అనడం వల్ల ఈ పొరపాటు ఇంకా గట్టిపడింది. నిజానికి చీమకూ చెదకూ దగ్గరి చుట్టరికం లేదు. చీమలు కందిరీగల వంశంలోవి, చెదలు బొద్దింకల వంశంలోవి. 2007లో జన్యు ఆధారాలతో ఈ సంగతి స్థిరపడ్డాక శాస్త్రజ్ఞులు చెదలను బొద్దింకల వర్గంలోనే చేర్చారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. చీమకు నడుము సన్నగా నొక్కినట్టుంటుంది, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. చెదకు నడుము ఉండదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి.

పుట్ట అంచున బొటనవేలంత ముక్క విరిగినా లోపల ఎంత పని జరుగుతుందో తెలుస్తుంది. ముందు ముదురు రంగు తలల సైనిక చెదలు దవడలు తెరుచుకుని రంధ్రం చుట్టూ నిలబడతాయి. వాటి వెనక కూలి చెదలు వస్తాయి. ఒక్కొక్కటీ నోట ఒక తడి మట్టి ఉండ తెచ్చి, అంచుకు అద్ది, తలతో నొక్కి వెనక్కి తిరుగుతుంది. ఆ ఖాళీలోకి ఇంకొకటి వస్తుంది. తెల్లవారేసరికి ఆ చోట తడి ఆరని కొత్త మట్టి అతుకు కనిపిస్తుంది. కూలి చెదలకు కళ్ళు లేవు. ఆ పనంతా చీకట్లో, వాసననూ తడినీ బట్టి జరిగిందే.

పైకి కనిపించే పుట్ట వాటి నివాసం అనుకోవడం కూడా సరికాదు. కాపురమంతా నేలమట్టం దగ్గరా, దాని కిందా ఉంటుంది. పైనున్న బోలు గోపురం గాలి కోసం. బెంగళూరులో ఒబేసస్ పుట్టల మీద జరిగిన పరిశోధన 2015లో ప్రచురితమైంది. పగటి ఎండకు పుట్ట అంచులు నడిమి కన్నా వేడెక్కి, రాత్రి నడిమి కన్నా చల్లబడి, లోపలి గాలి ప్రవాహం దిక్కు మార్చుకుంటుందని, రోజుకొకసారి ఊపిరి తీసి వదిలినట్టు చెడుగాలి బయటికి పోతుందని అందులో తేలింది. పై గోపురం పడగొట్టినంత మాత్రాన చెదలు చావవు, మళ్ళీ కడతాయి.

ఇక పాము సంగతి. పాములకు తవ్వే కాళ్ళు లేవు, కట్టే నోరు లేదు. చెదలు వదిలేసిన పాత పుట్టల్లోకీ, ఎలుకలు, పందికొక్కులు తొలిచిన బొరియల్లోకీ అవి చేరతాయి. అక్కడ ఎండ దెబ్బ ఉండదు, తేమ ఉంటుంది, ఎలుకలూ దొరకవచ్చు. చెదలు నిండుగా ఉన్న పుట్టలో సందులు వెంటవెంటనే పూడిపోతుంటాయి కాబట్టి పాముకు చోటు దొరకడం అరుదు. నాగుల చవితికి పోసే పాలు పాము తాగదు. అవి మట్టిలో ఇంకిపోతాయి.

అపోహ: చెద పట్టిన చెట్టు బతకదు.

కాండం మీద మట్టి పూత కనిపించగానే మందు కొట్టించడం అలవాటైపోయింది. ఆ పూత గొడుగు లాంటిది. ఎండ తగిలితే ఒళ్ళు ఆరిపోయే కూలి చెదలు దాని చాటున ఎక్కి, చెట్టు పైబెరడులో ఎండిన పొరను గోకి తింటాయి. పచ్చి బెరడు జోలికి సాధారణంగా పోవు. చెట్టు చచ్చాక చెద చేరితే, చెదే చంపిందని నిందపడుతుంది. లేత మొక్కలకు, చెరుకు లాంటి పైర్లకు, తలుపు చట్రాలకు, పుస్తకాల బీరువాలకు కొన్ని జాతులు నష్టం చేసే మాట నిజమే. కానీ ప్రపంచంలో గుర్తించిన దాదాపు 3,000 చెద జాతుల్లో అవి కొద్ది భాగమే.

అడవిలో వాటి పని తెలియాలంటే టేకు చెట్ల కింద మే నెలలో నిలబడాలి. అడుగు వేస్తే అప్పడంలా పగిలే ఎండుటాకు. ఆ ఎండలో వానపాములు లోతుకు దిగిపోతాయి, నేలలోని సూక్ష్మజీవులు తడి లేక పని మానేస్తాయి. ఆకును మట్టిలో కలిపే పని అప్పుడు ప్రధానంగా చెదలదే. మలేసియాలోని బోర్నియో అడవిలో 2015–16 కరువుకాలంలో ఒక ప్రయోగం చేశారు. చెదలను తగ్గించిన చోట్ల కన్నా వాటిని వదిలేసిన చోట్ల ఆకు ఎక్కువగా కుళ్ళింది, నేలలో తడి ఎక్కువగా నిలిచింది, మొలకలు ఎక్కువగా బతికాయి. పుట్టమన్నులో బంకమట్టి, పోషకాలు చుట్టుపక్కల నేల కన్నా ఎక్కువగా ఉంటాయి. అంకురార్పణకు పుట్టమన్ను తెచ్చి నవధాన్యాలు చల్లే ఆచారం వెనక ఈ అనుభవం కూడా ఉండి ఉండవచ్చు.

ఒబేసస్ లాంటి చెదలు కట్టెను సొంతంగా అరిగించుకోలేవు. నమిలి తెచ్చిన ఆకునూ కట్టెనూ నేలకింది అరల్లో స్పాంజిలాంటి ముద్దలుగా పేర్చి, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పండిస్తాయి. తొలి వానలకు ఆ పంటే పుట్ట చుట్టూ తెల్లని గొడుగులై పైకి లేస్తుంది. తెలుగువాళ్ళు దీన్ని ఎన్నడో గమనించారు కాబట్టే ‘పుట్టగొడుగు’ అన్నారు, తెలంగాణలో ‘పుట్టకొక్కు’ అన్నారు. సామెత పొరబడినా ఈ మాట పొరబడలేదు.

అపోహ: ఉసిళ్ళు వేరే పురుగులు, దీపం కోసం పుట్టి దీపం దగ్గరే చస్తాయి.

జూన్‌లో మొదటి పెద్ద వాన వెలిసిన సాయంత్రం తార్నాక వీధి దీపాల కింద ముసురుకునేవి రెక్కలొచ్చిన చెదలే. నిండు పుట్ట ఏడాదికొకసారి పెళ్ళీడు ఆడ, మగ చెదలను ఇలా బయటికి పంపుతుంది. వాటి గమ్యం దీపం కాదు, జత. నేల మీద వాలిన వెంటనే రెక్కలను మొదట్లో ఉన్న గీత దగ్గర విరిచి పడేస్తాయి. తర్వాత ఆడది ముందు, మగది దాని తోకకు మీసాలు ఆనించుకుని వెనక, పట్టాల మీద రెండు పెట్టెల బండిలా నడుస్తూ మెత్తని మట్టి వెతుక్కుంటాయి. బల్లులు, కప్పలు, కాకులు, కుక్కలు, ఉసిళ్ళు వేయించుకు తినే మనుషులు దాటి మిగిలేది ఏ కొద్ది జంటలో. అవి మట్టిలో దూరి రాజు, రాణి అవుతాయి. రాణి పొట్ట వేలంత పెరిగి రోజుకు వేల గుడ్లు పెడుతుంది. ఆ జంట ఏళ్ళ తరబడి బతుకుతుంది.

అపోహ: పుట్ట ఉన్నచోట తవ్వితే నీళ్ళు పడతాయి.

ఈ నమ్మకం ప్రాచీన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు రాసిన బృహత్సంహిత నాటిది. అందులో భూగర్భ జలం జాడలు చెప్పే అధ్యాయంలో ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతున నీరు అన్న వివరాలున్నాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎ.వి. ప్రసాద్ 1980లో ఆ అధ్యాయంపై భూగర్భశాస్త్ర దృష్టితో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. చెదలకు తడి కావాలి, దాని కోసం అవి లోతుగా దిగుతాయి కూడా. అంతవరకు నిజం. కానీ ఆ తడి మట్టిలో నిలిచిన చెమ్మ అయినా కావచ్చు. బోరు వేయడానికి పుట్ట ఒక సూచన మాత్రమే, హామీ కాదు.

చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన వస్తుందన్న మాటా ఇలాంటిదే. వాటి నోట తెల్లగా బియ్యపు గింజల్లా కనిపించేవి చాలావరకు గుడ్లు కావు, లార్వాలు, ప్యూపాలు. గుడ్డు నలుసంత ఉంటుంది. గూట్లో తేమ, వేడి మారినా, నీరు చేరినా, గూడు మార్చాలనుకున్నా చీమలు పిల్లల్ని ఇలా తరలిస్తాయి. మిగతా రోజుల్లోనూ ఇది జరుగుతుంది, మనం పట్టించుకోం.

అపోహ: రాణి ఆజ్ఞాపిస్తుంది, మిగిలినవి పాటిస్తాయి.

రాణి అన్నది మనుషులు పెట్టిన పేరు. చీమల్లో, తేనెటీగల్లో అది గుడ్లు పెట్టే తల్లి మాత్రమే. ఏ చీమ ఎటు పోవాలో అది చెప్పదు. దారిని ఎదురయ్యే వాసనలు, ఒకదానికొకటి మీసాలు తాకించుకోవడం నిర్ణయిస్తాయి. చీమల్లో, తేనెటీగల్లో కూలీలన్నీ ఆడవే. చెదల్లో మగ కూలీలూ ఉంటారు.

ఈ విషయంలో ఎంతో నేర్పింది కిటికీ చట్రాల కింద కాగితం లాంటి చిన్న గూడు కట్టే ఒక కందిరీగ. పేరు రోపాలిడియా మార్జినేటా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు దీన్ని పరిశీలించారు. ఈ గూటిలో రాణి అందరికన్నా సాధువు, ఎవరి మీదా దాడి చేయదు. దాన్ని తీసేస్తే మాత్రం కూలీల్లో ఒకటి ఉన్నట్టుండి మిగిలినవాటి మీద విరుచుకుపడుతుంది. వారం రోజుల్లో అదే గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, మళ్ళీ సాధువైపోతుంది. కూలీగా పుట్టింది కూలీగానే చావాలన్న నియమం ఇక్కడ లేదు.

కందిరీగలన్నీ గుంపుగా బతకవు. గోడ మీద మట్టి గూడు కట్టేది ఒంటరి ఆడది. అది పురుగును తెచ్చి, చుట్టూ ఝుమ్మని తిరిగి, దాన్ని తనలాగే మార్చేస్తుందన్నది భ్రమరకీటక న్యాయం. వేదాంతానికి అందమైన పోలిక అది, కానీ గూటిలో జరిగేది వేరు. కందిరీగ గొంగళిపురుగును కుట్టి చచ్చుబడేలా చేసి, గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, కందిరీగై బయటికి వస్తుంది. గొంగళిపురుగు దేనిలోకీ మారలేదు. భ్రమరమంటే తుమ్మెదే అయినా తుమ్మెదకు ఈ కథతో సంబంధమే లేదు, అది కొయ్యకు తొలిచిన బెజ్జంలో పుప్పొడి దాచి గుడ్డు పెడుతుంది.

అపోహ: పెద్ద తేనెటీగలు పగబట్టి తరుముతాయి, పట్టు కాల్చడమే దారి.

ఎత్తైన చెట్లకూ, నీళ్ళ ట్యాంకుల కిందా, 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల లాంటి భారీ రాతి కట్టడాల కమానులకూ పట్టు పెట్టేది పెద్ద తేనెటీగ. ఒకే పలక పట్టు, కప్పు లేదు, గోడ లేదు. వేల ఈగలు ఒళ్ళు ఒళ్ళు ఆనించుకుని పట్టుకు తెరలా నిలబడతాయి. కందిరీగ దగ్గరికొస్తే ఆ తెర మీద ఒక అల నీటి మీద తరగలా సర్రున పాకుతుంది. ఒక్కొక్క ఈగా క్షణకాలం పొట్ట పైకి ఎత్తడం వల్ల వచ్చే అల అది. రాయి తగిలితేనో, పొగ, డ్రోను, గద్ద పట్టును కదిపితేనో కుడతాయి. కుట్టిన చోట అరటిపండు వాసన లాంటి రసాయనం వెలువడి మిగిలిన ఈగలను అక్కడికే పిలుస్తుంది. పగ అనిపించే ఆ తరమడం దీని పనే. కాబట్టి ముఖం కప్పుకుని వేగంగా దూరంగా, వీలైతే గదిలోకి పోవాలి. నీళ్ళలో మునిగితే తల ఎత్తేదాకా అవి పైనే తిరుగుతుంటాయి.

పట్టు కాల్చనక్కరా లేదు, ఇవి వలస ఈగలు. పూత తగ్గగానే పట్టు వదిలి పోతాయి, ఖాళీ మైనం కొన్నాళ్ళకు రాలిపోతుంది. మళ్ళీ పూతకాలానికి చాలాసార్లు అదే కొమ్మకు, అదే కమానుకు గుంపు తిరిగి వచ్చి కొత్త పట్టు మొదలుపెడుతుంది.