వార్తల్లో పదం: లిథోట్రిప్సీ

దేహమును కోయకయే, తొలినాళ్లలో రోగిని నీటితొట్టిలో ఉంచి, వెలుపల పుట్టించిన ఆఘాత తరంగములను రాతిపై కేంద్రీకరించి పొడిచేయు ఈ చికిత్స, 1980లో మ్యూనిక్ నగరమున మూత్రపిండములందలి రాళ్లపై మొదట ప్రయోగింపబడి, 1985లో అచ్చటనే పిత్తాశయమునకును విస్తరించినది. యంత్రమును నిర్మించినవారు విమాననిర్మాతలైన డోర్నియర్ సంస్థవారు. మూత్రపిండపు రాతిపొడి మూత్రముతో కొట్టుకొనిపోవును గాని, పిత్తాశయపు ముక్కలు సన్నని నాళము గుండ సులభముగ జారవు. కావున అర్సోడియాక్సికోలిక్ ఆమ్లపు మాత్రలను నెలల తరబడి మ్రింగి వానిని కరిగించుకొనవలసి యుండెను. అదియును రెండు సెంటీమీటర్లకు మించని ఒంటి కొలెస్టరాల్ రాయి యున్నవారికే మిక్కిలి అనుకూలించెను. పిత్తాశయము నిలిచియున్నంతకాలము రాళ్లు మరల పుట్టవచ్చును గనుక, దానినే తొలగించు ల్యాపరోస్కోపీ ప్రబలినంతనే పిత్తాశయపు రాళ్ల విషయమున ఈ పద్ధతి వెనుకబడినది. అది రోగులకు మేలే యని నా నమ్మకము. క్లోమనాళమందలి పెద్ద రాళ్లకు మాత్రము హైదరాబాదున నేటికిని ఈ చికిత్స చేయుచున్నారు.