సూర్యరక్షణ లేపనాలలో జింక్ ఆక్సైడ్

జింక్ ఆక్సైడ్ ఒక అకర్బన రసాయన సమ్మేళనం. ఇందులో జింకు, ఆక్సిజన్ పరమాణువులు సమాన సంఖ్యలో ఉంటాయి. ఇది తెల్లని మెత్తటి పొడి; నీటిలో దాదాపు కరగదు. పరీక్షనాళికలో వేడి చేస్తే పసుపు రంగుకు మారి, చల్లారగానే తిరిగి తెల్లబడుతుంది. ఈ మార్పును బట్టి విద్యార్థులు దీనిని ప్రయోగశాలలో సులభంగా గుర్తుపట్టవచ్చు. జింకును తెలుగులో యశదం, తుత్తునాగం అని కూడా అంటారు. ఆయుర్వేదంలోని యశద భస్మంలో ప్రధానంగా ఉండేది ఈ ఆక్సైడే. సూర్యుని అతినీలలోహిత కిరణాల నుండి చర్మాన్ని కాపాడే సన్‌స్క్రీన్ లేపనాలలో దీనిని ఖనిజ వడపోత పదార్థంగా వాడతారు. ఇటువంటి మరొక ఖనిజ పదార్థం టైటానియం డయాక్సైడ్.

తయారీ

జింకు లోహం 907 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గాలి తగలగానే మండి, తెల్లని పొగలా జింక్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. 19వ శతాబ్దం మధ్యకాలంలో ఫ్రాన్సులో పరిశ్రమగా అభివృద్ధి చెందిన ఈ పద్ధతిని ఫ్రెంచి పద్ధతి అంటారు. శుద్ధమైన జింక్ ఆక్సైడును నేటికీ ఎక్కువగా ఇలాగే తయారు చేస్తారు.

ఈ చర్యను చూడటానికి కర్మాగారానికే వెళ్ళనక్కరలేదు. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. దానిని బాగా కాచి కరిగించినప్పుడు కొంత జింకు ఆవిరై, పైన తెల్లని పొగగా లేస్తుంది. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూర్ మండలంలోని ఉషేగాం ఓజా కళాకారుల డోక్రా పోతపనికి ప్రసిద్ధి. మైనంతో నమూనా చేసి, దానిపై మట్టి పూసి, మైనం కరిగిపోగా మిగిలిన ఖాళీలో ఇత్తడి పోయడం ఈ కళలోని విశేషం. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇత్తడి కొలిమి మీద లేచే తెల్లని పొగ, ఖరీదైన లేపనం గొట్టంలోని తెల్లని పొడి రసాయనికంగా ఒకే పదార్థం. అయితే చర్మానికి మేలుచేసే ఈ పదార్థమే పొగగా ఊపిరితిత్తులలోకి వెళితే చలిజ్వరం వంటి లక్షణాలు కలిగిస్తుంది. దీనిని లోహధూమ జ్వరం అంటారు.

పనిచేసే విధానం

ఖనిజ లేపనాలు అద్దంలాగా కిరణాలను వెనక్కు కొడతాయని, రసాయన లేపనాలు వాటిని పీల్చుకుంటాయని చాలాచోట్ల వ్రాస్తారు. ఇది సరికాదు. జింక్ ఆక్సైడ్ ఒక అర్ధవాహకం. దాని శక్తి అంతరం సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే దాదాపు 370 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కిరణాలను అది శోషించుకుంటుంది. శోషించిన శక్తి చాలావరకు వేడిగా మారిపోతుంది. ఖనిజ పదార్థాలు కల్పించే రక్షణలో పరావర్తనం, పరిక్షేపణాల వాటా సుమారు 4 నుండి 5 శాతం మాత్రమేనని, మిగిలినదంతా శోషణేనని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది.

చర్మాన్ని కమిలించే బి కిరణాలు (290-320 నానోమీటర్లు), లోతుకు చొచ్చుకుపోయే ఎ కిరణాలు (320-400 నానోమీటర్లు) రెండింటిలోనూ చాలా భాగాన్ని జింక్ ఆక్సైడ్ ఒక్కటే ఆపగలదు. పొడవైన ఎ కిరణాల విషయంలో ఇది టైటానియం డయాక్సైడ్ కంటే మెరుగు.

తెల్లపూత

దీని ప్రధాన లోపం ముఖం మీద బూడిద పూసినట్లు కనిపించడం. చామనఛాయ, నలుపు చర్మాలపై ఇది మరీ కొట్టొచ్చినట్లు కనబడుతుంది. ఆస్ట్రేలియా సముద్రతీర రక్షకులు ముక్కుకు పూసుకునే తెల్లని పట్టె ఇదే. రేణువులు దృశ్యకాంతిని చెదరగొట్టడం ఇందుకు కారణం. రేణువులను 100 నానోమీటర్ల కంటే చిన్నవి చేస్తే తెలుపు తగ్గుతుంది.

అంత చిన్న రేణువులు శరీరంలోకి చొరబడతాయేమోనన్న సందేహం సహజమే. ఆస్ట్రేలియాలో జింకు-68 ఐసోటోపుతో లేపనం తయారుచేసి, వాడినవారి రక్తాన్ని, మూత్రాన్ని పరీక్షించారు. 2010లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, చర్మం ద్వారా లోపలికి చేరిన జింకు శరీరంలో సహజంగా ఉండే జింకుతో పోలిస్తే అత్యల్పం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2019 ప్రతిపాదనలో సురక్షితమైనవిగా, ప్రభావవంతమైనవిగా పేర్కొన్న వడపోత పదార్థాలు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండే. స్ప్రేగా చల్లుకునే రూపంలో మాత్రం పీల్చే ప్రమాదం ఉంది కనుక లేపనమే మేలు.

ఎవరికి అవసరం

జైనూర్ 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. కనుక మే మధ్యలోను, జులై చివరి వారంలోను మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అయినా ఇక్కడి పొలాల్లో పనిచేసేవారందరూ చర్మ క్యాన్సర్‌కు భయపడి లేపనం కొనాలని చెప్పడం అతిశయోక్తి. నల్లని చర్మంలోని మెలనిన్ బి కిరణాల నుండి సగటున 13 రెట్లు, తెల్లని చర్మం 3 రెట్లు రక్షణ ఇస్తాయని 1979 నాటి ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కకట్టింది. భారతదేశంలో చర్మ క్యాన్సర్ అరుదు.

ఖర్చు కూడా ఆలోచించదగినదే. లేపనాన్ని చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి దాని శక్తిని నిర్ధారిస్తారు. ఆ లెక్కన ముఖానికి, మెడకు ఒకసారికి గ్రాము పైచిలుకు కావాలి. రోజుకు రెండుసార్లు వాడితే 50 గ్రాముల గొట్టం మూడు వారాలకే అయిపోతుంది. చాలామంది ఇందులో సగం కూడా పూయరు. అప్పుడు పెట్టె మీద వ్రాసినంత రక్షణ దొరకదు. చెమటకు కారిపోతే మళ్ళీ పూయాలి. ఆరుబయట రోజంతా పనిచేసేవారికి తలరుమాలు, చీరకొంగు, పొడుగుచేతుల చొక్కా చవకైన, నమ్మదగిన రక్షణ. దగ్గరి నేత వస్త్రం మరింత మంచిది.

అయితే కొందరికి ఇది సౌందర్య సాధనం కాదు, అవసరం. పుట్టుకతోనే మెలనిన్ లేని ఆల్బినిజం ఉన్నవారికి చర్మ క్యాన్సర్ ముప్పు నిజంగానే ఎక్కువ. బొల్లి మచ్చలు ఎండకు త్వరగా కమిలిపోతాయి. లూపస్ రోగులకు, డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతున్నవారికి కూడా ఎండ పడదు. మంగు మచ్చలున్న స్త్రీలకు మరొక చిక్కు ఉంది. దృశ్యకాంతి కూడా ఆ మచ్చలను ముదురుస్తుంది, దానిని జింక్ ఆక్సైడ్ తగినంతగా ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మపు రంగు గల లేపనాలు వీరికి తగినవి. వీటిలో తెల్లపూత బాధ కూడా తక్కువ.

భారతదేశంలో సన్‌స్క్రీన్‌లు సౌందర్య సాధనాల క్రిందికి వస్తాయి. వీటికి 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు వర్తిస్తాయి. పెట్టె మీది ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా బి కిరణాలకు సంబంధించినది. 30 ఎస్‌పీఎఫ్ సుమారు 97 శాతం, 50 ఎస్‌పీఎఫ్ 98 శాతం కిరణాలను ఆపుతాయి. ఎ కిరణాల రక్షణను పీఏ అక్షరాల ప్రక్కన ఉండే కూడిక గుర్తులు తెలుపుతాయి. చర్మాన్ని తెల్లబరుస్తామనే ప్రకటనలకు, ఈ అంకెలకు సంబంధం లేదు.