ట్రాక్టరు నాజిలు మూసికొనినచో ఎట్లు కనిపెట్టవలెను?

ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము ముగిసినది మొదలు మన రైతులు మబ్బుల వైపు చూచుచుందురు. తొలకరి వాన కురిసిన పిమ్మట ఎర్రనేలలో పదును ఎక్కువ దినములు నిలువదు. ఆ నాలుగు దినములలోనే దున్నకము, విత్తనము ముగియవలెను. అట్టి అదనులో ట్రాక్టరు నల్లని పొగ విడుచుచు బరువు లాగలేక చేనిలో నిలిచిపోయినచో, రైతుకు కలుగు నష్టము మరమ్మతు ఖర్చు మాత్రమే కాదు. ఆ యేటి పంటయే వెనుకబడును. ఇంజను పాడైనదని తొందరపడి దానినంతయు విప్పించి, వేలకు వేలు పోగొట్టుకొనువారును కలరు. లోపము ఒక్కొక్కప్పుడు చిన్న నాజిలులోనే యుండును.

నాజిలు చేయు పని

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలి గట్టిగా నొక్కబడి కాగును. పంపు నెట్టిన డీజిలును ఆ కాగిన గాలిలోనికి సన్నని తుంపరగా చిమ్ముటయే ఇంజెక్టరు పని. పాత రకపు ట్రాక్టర్లలో పెక్కింటికి ఇది చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల ఒత్తిడి వద్ద తెరచుకొనును. లోపలి సూదికిని, దాని గూటికిని నడుమ ఎడము మిల్లీమీటరులో వెయ్యవ వంతులు రెండో మూడో మాత్రమే. కావున కంటికి కానరాని దుమ్ము రేణువు కూడ దీనిని చెరుపగలదు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ఇట్టి పంపులను పెద్దయెత్తున తయారుచేయ నారంభించెను. 1951లో స్థాపింపబడిన మైకో కంపెనీ పేరు మన రైతులకు తెలిసినదే. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్ అని మారినది.

లోపము తెలిసికొను విధము

నాజిలు మసి పట్టినను, సూది బిగిసినను తుంపర చెడి చుక్కలు కారును. అప్పుడు ఇంజను సులభముగా స్టార్టు కాదు. నల్లని పొగ వచ్చును. టకటక శబ్దము కలుగును. డీజిలు ఎక్కువ కాలును. కాలని డీజిలు ఇంజను ఆయిలులో కలిసి, ఆయిలు మట్టము పెరుగుట కూడ ఒక గుర్తు.

అయితే గాలి ఫిల్టరు దుమ్ముతో నిండినను నల్లని పొగయే వచ్చును. డీజిలు ఫిల్టరు మూసికొనినను, పైపులలో గాలి చేరినను శక్తి తగ్గును. కాబట్టి ముందుగా ఈ మూడింటిని చూడవలెను. వీనికి ఖర్చు స్వల్పము.

అవి బాగుగా నున్నచో, ఇంజనును నెమ్మదిగా నడుపుచు ఒక్కొక్క ఇంజెక్టరు వద్ద పైపు నట్టును గుడ్డ చుట్టి, పానాతో అర చుట్టు వదులు చేయవలెను. వేగము తగ్గి ఇంజను తడబడినచో ఆ సిలిండరు మంచిదే. ఏ మార్పును లేనిచో లోపము అక్కడ నున్నది. ఆ ఇంజెక్టరును వేరొక సిలిండరునకు మార్చి చూడుడు. లోపము దానితోపాటు వెళ్ళినచో నాజిలుదే తప్పు. వెళ్ళనిచో పంపును, వాల్వులను పరీక్షింపవలెను.

హెచ్చరిక: నాజిలు నుండి చిమ్ము డీజిలు చర్మములోనికి దూరగలదు. చేయి, ముఖము ఎన్నడును దాని యెదుట ఉంచరాదు. అట్లు దూరినచో నొప్పి లేకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. కామన్ రెయిల్ పద్ధతి గల ట్రాక్టర్లలో ఒత్తిడి ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. వాని పైపు నట్టును నడుచునప్పుడు తాకనే తాకరాదు. కంపెనీ వర్కుషాపునకే తీసికొని పోవలెను.

శుభ్రపరచు పద్ధతి

1. విప్పుటకు ముందే ఇంజెక్టరు చుట్టును బ్రష్షుతోను, డీజిలుతోను కడుగవలెను. లేనిచో దుమ్ము సిలిండరులో పడును.

2. ఇంజెక్టరును తీసిన పిమ్మట రంధ్రమును, పైపుల కొనలను శుభ్రమైన గుడ్డతో మూయవలెను. పాత రాగి వాషరు లోపల మిగులకుండ చూడవలెను.

3. సూదియు, గూడును జతగా చేయబడినవి. ఒకదాని సూదిని మరియొకదాని గూటిలో పెట్టరాదు. ఒక్కొక్క జతను వేరు గిన్నెలో వడకట్టిన డీజిలుతో కడుగుడు.

4. వెలుపలి మసికి ఇత్తడి తీగల బ్రష్షును, రంధ్రములకు తగిన కొలత గల నాజిలు తీగను మాత్రమే వాడవలెను. ఉప్పుకాగితము, కత్తి, గుండుసూది పనికిరావు. రంధ్రము పెద్దదైనచో నాజిలు వ్యర్థము.

5. సూదిని డీజిలులో ముంచి, మూడవ వంతు బయటకు లాగి, ఏటవాలుగా పట్టి వదలుడు. తన బరువుతోనే మెల్లగా దిగినచో మంచిది. చిక్కుకొనినచో తిరిగి కడుగవలెను. అప్పటికిని దిగనిచో మార్చవలెను.

6. బిగించుటకు ముందు పరీక్ష యంత్రము గల షాపులో ఒత్తిడిని, తుంపరను చూపింపవలెను. ఒత్తిడి ఎంత యుండవలెనో ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో నుండును. స్వయముగా స్క్రూ త్రిప్పి మార్చరాదు.

7. క్రొత్త వాషరు వేసి, రెండు నట్లను సమముగా బిగించి, చేతి పంపుతో బుడగలు ఆగువరకు గాలి తీయవలెను.

మరల మూసికొనకుండుటకు

డ్రమ్ములోని డీజిలును ఒక దినమైనను కదల్పక ఉంచి, అడుగు మడ్డి రాకుండ పైనుండి తీసి, వడకట్టి పోయుడు. సాయంకాలము పని ముగియగానే ట్యాంకు నింపినచో రాత్రి చలికి లోపల నీరు పట్టదు. ఫిల్టరు క్రింది నీటిని తరచుగా వదలుడు. కిరసనాయిలు కలుపరాదు, దానికి జిడ్డు తక్కువ, సూది త్వరగా అరుగును. పని లేనప్పుడు ఇంజనును ఊరక నడుపుచుండిన మసి పట్టును.

ఈ పరీక్షలను వేసవిలోనే ముగించుకొనుడు. వాన కురిసిన నాడు ఏ వర్కుషాపు ముందు చూచినను ట్రాక్టర్లు బారులు తీరియుండును. పదును మాత్రము ఎవరి కొరకును ఆగదు.