తెర మీద సమపంక్తి

పాత కథను మరల చెప్పేవానికి బాధ్యతలు రెండు. నాడు ప్రేక్షకులు మెచ్చినదానిని నిలుపవలె. నాడు దొరలిన లోపాన్ని దిద్దవలె. మొదటిది సులభం, రెండవదే కష్టం. అమెరికా టెలివిజన్‌లో ‘హవాయి ఫైవ్-ఓ’ అనే పోలీసు ధారావాహిక ఇందుకు చక్కని నిదర్శనం.

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి ద్వీపాలు 1959లో అమెరికాకు 50వ రాష్ట్రమైనవి. పేరులోని ‘ఫైవ్-ఓ’కు అర్థమదే. సి.బి.యస్. సంస్థ 1968 సెప్టెంబరులో ప్రారంభించిన ఈ ధారావాహిక 1980 వరకు సాగింది. నేరం జరిగినచోట ఆనవాళ్ళు ఏరుట, సాక్షులను విచారించుట, మెట్టుమెట్టుగా దోషిని చేరుట ఇందలి కథనరీతి. దళనాయకుడు స్టీవ్ మెక్‌గారెట్‌గా జాక్ లార్డ్ నటించాడు. చిన్ హో కెల్లీ పాత్ర ధరించిన కామ్ ఫాంగ్ హోనొలులు నగరంలో నిజంగానే పోలీసు ఉద్యోగం చేసినవాడు. అయినా కథలో అతడు ఆజ్ఞను పాలించే అనుచరుడే, ఆజ్ఞాపించేవాడు తెల్లవాడు.

2010 సెప్టెంబరులో అదే సంస్థ ఈ కథకు పునర్జన్మ నిచ్చింది. ముఖ్యపాత్రల పేర్లూ, మోర్టన్ స్టీవెన్స్ కూర్చిన ప్రారంభ సంగీతమూ అట్లే నిలిచినవి. పాత్రల స్థానం మాత్రం మారింది. నాటి కోనో పురుషుడు. నేటి కోనో స్త్రీ. ఆ పాత్రను గ్రేస్ పార్క్, చిన్ హో పాత్రను డానియెల్ డే కిమ్ ధరించారు. ఇరువురూ కొరియా సంతతివారు. నాయకుడు, అనుచరులు అనే అంతరం సన్నగిల్లి, దళంలోని నలుగురూ ఒకే కుటుంబం వలె కనిపించారు.

అయితే తెర వెనుక పంక్తిభేదం పోలేదా అనే ప్రశ్న 2017లో తలయెత్తింది. ఏడేండ్లు నటించిన పార్క్, కిమ్ ఇరువురూ ఒకేసారి వైదొలగారు. తమ సహనటులైన ఇరువురు తెల్లవారితో సమాన వేతనం కోరారనీ, అది కుదరలేదనీ పత్రికలు వ్రాసినవి. వేతనం గణనీయంగా పెంచుతామన్నామని సంస్థ బదులు చెప్పింది. కాని పెంపు వేరు, సమానత వేరు.

వారు లేకయే ధారావాహిక 2020 ఏప్రిల్ వరకు నడిచింది. పంక్తిలో అందరినీ కలిపి కూర్చుండబెట్టుట కథారచయిత చేయగల పని, అతడు చేశాడు. అన్ని విస్తళ్ళలోను సమంగా వడ్డించుట యజమాని చేయవలసిన పని. ఆ రెండవది జరిగిననాడే పాత కథ నిజంగా క్రొత్తదగును.